చేతికి తెలిసిన గుడి

ఓరుగల్లువాళ్ళకు రాళ్ళ విషయంలో కొంచెం పొగరు ఉంటుంది. నాకు ఇంకొంచెం ఎక్కువ. హనుమకొండలో పుట్టి, వేయిస్తంభాల గుడి ముందు నుంచి బడికి నడిచి, సెలవుల్లో కోటకు పోయి శిలాతోరణాల నీడలో టిఫిన్ డబ్బా విప్పుకుని తిన్నదాన్ని. అందుకే ఎవరైనా తమ ఊరి పాత గుడి చూపిస్తామంటే నాకు లోపల నవ్వు వస్తుంది. బ్యాంకు ఉద్యోగంలో బదిలీ మీద బీదర్ వచ్చిన కొత్తలో అందరూ కోట చూడండి, గుంబజులు చూడండి అన్నారు. అవి నాకు కొత్త కాబట్టి నోరు మూసుకుని చూశాను, బాగున్నాయన్నాను. గుళ్ళ మాట వచ్చేసరికి మాత్రం "మా రామప్ప చూసిన్రా?" అని అడగకుండా ఉండలేకపోయేదాన్ని. వాళ్ళు పాపం లేదని తల ఊపేవాళ్ళు. నాకు తృప్తిగా ఉండేది.

మా బ్రాంచికి హళ్ళిఖేడ్ వైపు ఒక పల్లె నుంచి వచ్చే రైతు ఒకాయన ఉన్నాడు. తాతల కాలం నుంచి అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. ఆఫీసులో కన్నడం, ఇంట్లో తెలుగు, కోపం వస్తే ఉర్దూ మాట్లాడతాడు. నాది వరంగల్ అని తెలిసిన రోజు ఆయన మొహం వెలిగిపోయింది.

"మేడం, మా చేను పక్కన గుడి ఉన్నది. అచ్చం మీ వేయిస్తంభాల గుడి లెక్కనే. ఒక్క ఆదివారం వచ్చి చూడుర్రి."

"ఎన్ని స్తంభాలున్నయి?"

"నిలబడ్డయి ఓ పదో పన్నెండో ఉంటయి."

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు కానీ, పట్టు వదల్లేదు. వచ్చినప్పుడల్లా అడిగేవాడు. నేను వచ్చే వారం, వచ్చే వారం అంటూ దాటేసేదాన్ని. తెలిసిన బొమ్మలే, తెలిసిన రాళ్ళే, దానికోసం అంత దూరం ఎండలో బండి తోలుకుంటూ ఎందుకు పోవాలని నా లెక్క. చివరికి పోయింది నా కోసం కాదు, మా అక్క కోసం.

అక్క నాకన్నా చాలా పెద్దది. హనుమకొండలో సాంఘికశాస్త్రం టీచరుగా చేసింది. ఏటా పిల్లల్ని వరసగట్టించి గుడికి, కోటకు, రామప్పకు తీసుకుపోయేది. ఆమె వస్తుంటే గైడ్లు పక్కకు తప్పుకునేవాళ్ళు, తమ కథల్లో తప్పులు పిల్లల ముందే దిద్దుతుందని భయం. తరువాత కళ్ళకు నీటికాసులు వచ్చాయి. ఆ జబ్బు నొప్పి పెట్టదు, చప్పుడు చేయదు, పక్కల నుంచి చూపును తినుకుంటూ వస్తుంది. మేము తెలుసుకునేటప్పటికే చాలా పోయింది. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే అని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు వెలుతురులో ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ఎవరో తెలియదు. నీడలోకి వస్తే అదీ తెలియదు.

బావ పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. రెండు గదుల కిరాయి ఇంట్లో ఒక్కతే ఉంటుంది. దసరా ముందు కూరగాయల మార్కెట్ దగ్గర రోడ్డు మీద పడింది. దెబ్బ పెద్దది కాదు గాని, ఇంటావిడ ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. పోయి బట్టలు సర్ది బీదర్ తీసుకువచ్చాను. ఇక్కడే ఉండిపొమ్మన్నాను. హనుమకొండ ఇల్లు ఖాళీ చేద్దామన్నాను. కొన్ని వారాలు చూసి ఇంటాయన కూడా, ఉంటారో ఖాళీ చేస్తారో వచ్చే సోమవారం లోపల చెప్పమన్నాడు, కిరాయికి వేరేవాళ్ళు అడుగుతున్నారట. అక్క అవుననలేదు, కాదనలేదు.

ఆ వారాలు నాకు బాగా గుర్తున్నాయి. మా ఇంట్లో వస్తువులకు ఒక చోటంటూ లేదు. మా ఆయన హెల్మెట్ ఎక్కడ పడితే అక్కడ పెడతాడు, నేను కుర్చీ లాక్కుని ఎక్కడ కూర్చుంటే అక్కడే వదిలేస్తాను. అక్క వాటికి కొట్టుకునేది. కొట్టుకున్నప్పుడల్లా నేను పరుగెత్తి పోయి పట్టుకునేదాన్ని. బాత్రూముకు లేస్తే లేచేదాన్ని, మంచినీళ్ళకు చెయ్యి చాస్తే గ్లాసు పెట్టేదాన్ని. కొన్నాళ్ళకు ఆమె లేవడమే మానేసింది. కిటికీ పక్కన కుర్చీలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అట్లాగే కూర్చునేది. దెబ్బలు తగలడం తగ్గింది కదా అని నేను సంతోషించాను కూడా.

రైతు గుడి సంగతి ఒక శనివారం అన్నం తింటూ ఎగతాళిగా చెప్పాను. అక్క చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"కల్యాణి చాళుక్యులదా?"

"ఏమో. పాతదంట. మనవాటి లెక్కనే ఉన్నదంటుండు."

"వాటి లెక్కనే మనయి ఉన్నయే. మన కాకతి రాజులు మొదట్ల ఈ కల్యాణం రాజుల కిందోళ్ళే గద. రేపు పోదాం."

వచ్చినప్పటి నుంచి ఆమె నోటి వెంట 'పోదాం' అనే మాట రావడం అదే మొదలు. చూపులేని మనిషి శిథిలాల్లో ఏం చూస్తుందని అడగబోయి ఆపుకున్నాను. రాళ్ళు, గుంతలు, పాములు అన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. అయినా సరేనన్నాను, వద్దంటే మళ్ళీ ఆ కుర్చీలోకి పోతుంది.

ఆదివారం పొద్దున నేనే కారు నడుపుకుంటూ బయలుదేరాం. బీదర్ ఎర్రమట్టి దిగి, నల్లరేగడిలోకి పోయే రోడ్డు అది. కందిచేలు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. చెరకు బండ్లు అడ్డం వచ్చినప్పుడల్లా నేను తిట్టుకుంటుంటే అక్క నవ్వింది. రైతు రోడ్డు మీదనే నిలబడి ఉన్నాడు. అక్కను చూసి దండం పెట్టాడు. చూపు సంగతి నేను ఆయనకు చెప్పలేదు. అలా పరిచయం చేస్తే ఆమెకు నచ్చదు.

చెరకుతోట గట్టు మీద నడిపించుకుంటూ పోయాను, ఆమె రెక్క పట్టుకుని. తోట దాటగానే గుడి. నేను అనుకున్నదే. శిఖరం ఎప్పుడో కూలిపోయింది, కప్పు మీద గడ్డి మొలిచింది. బయటి గోడ సగం జారి రాళ్ళు కుప్పగా పడి ఉన్నాయి. నిలిచినంత మేరకు నల్లరాతి స్తంభాలు, గుండ్రంగా, గాజుల దొంతరలు పేర్చినట్టు. ఇవన్నీ చూసినవే అని మనసులో అనుకున్నాను. తెలిసినదాని ముందు నిలబడితే మనం చూడం, సరిపోల్చుకుంటాం. ఇది మనదానికన్నా చిన్నది, ఇది మనదానికన్నా ముతక, అంతే, చూడటం అయిపోతుంది.

"చెప్పులు విడు," అంది అక్క.

"పూజలు లేని గుడే గదక్కా. ముండ్లుంటయి."

"గుడే గద."

విడిచాం. అక్క కుడికాలు ముందుకు చాచి దేనికోసమో వెతికింది, దొరకక తూలింది. నేను గట్టిగా పట్టుకున్నాను.

"ఎత్తరుగు లేదే. మన గుళ్ళకు ముందు పెద్ద అరుగు ఎక్కాలె. ఈడ లేదు."

"మట్టిల కూరుకపోయిందో ఏమో అక్కా," అన్నాడు రైతు. "మా తాత ఉన్నప్పుడు ఇంకింత ఎత్తుండెనని చెప్పెటోడు." బ్యాంకులో మేడం అన్న మనిషి, చేను దగ్గరికి రాగానే ఇద్దరినీ అక్కా అని పిలవడం మొదలుపెట్టాడు.

రెండు మెట్లు ఎక్కించాను. చెయ్యి మొదటి స్తంభానికి తగలగానే అక్క ఆగింది. అరచెయ్యి మొత్తం పెట్టి పైనుంచి కిందికి మెల్లగా దించింది. గాజుల వంటి ఆ అంచుల మీద వేళ్ళు ఒక్కొక్కటిగా దిగాయి. కింద పలక దగ్గర చిన్న బొమ్మలు చెక్కి ఉన్నాయి, వాటిని తడిమి చూసి తనలో తాను నవ్వుకుంది. తరువాత నా వైపు తిరిగింది.

"నన్ను వదులు."

"లోపల చీకటున్నదక్కా."

"నాకు ఏడైనా చీకటే. ఈ గుడి నాకు తెలుసు. వదులు, నువ్వు బయటికి పో. నువ్వు నా వెనక ఊపిరి పీలుస్తుంటే నాకు ఆలోచన రాదు."

నాకు కోపం వచ్చింది. ఇన్ని వారాలు కంటికి రెప్పలా కాచిన మనిషిని ఇలా అంటుందా అనిపించింది. రెక్క వదిలేసి మెట్లు దిగి, చేను గట్టు మీద రైతు పక్కన పోయి నిలబడ్డాను. అయినా చూపు అక్క మీదనే ఉంది. ఆమె నడుస్తోంది. గోడ వెంట కాదు, నడిమధ్య నుంచి. ఎడమ చెయ్యి చాచితే అక్కడ స్తంభం ఉంది. నడుమ నాలుగు స్తంభాల మధ్య నేల కొంచెం ఎత్తుగా ఉంటుంది, నాట్యానికి. అక్కడికి రాగానే ఆమె కాలు దానంతట అదే లేచింది. ఎక్కింది, దాటింది, దిగింది. ఒక్కసారి కూడా తడబడలేదు. ఎండలో నుంచి చూస్తే గోధుమరంగు చీర ఒకటి తనకు తెలిసిన ఇంట్లో వంటగదిలోకి పోతున్నట్టు ఉంది. ఆ నడక చూసి ఎన్ని నెలలయిందో అనుకున్నాను. తరువాత ఆమె నీడలోకి పోయింది, నాకు కనపడలేదు.

రైతు చెరకు ఆకు తుంచి నోట్లో పెట్టుకున్నాడు. "పెద్దక్కకు గుళ్ళ మీద మస్తు ప్రేమ ఉన్నట్టున్నది."

"పిల్లలకు అదే చెప్పింది బతుకంత."

"బయట బొమ్మలు గూడ మంచిగుంటయి, ఎనక దిక్కు చూపించుర్రి. లోపల ఏం లేదక్కా. దేవుని రూం పాడుపెట్టిండ్రు దొంగ లంగలు. బంగారం ఉంటదని పోయిన యేడు తవ్వి పోయిండ్రు. లింగాన్ని పీకి పక్కకేసిండ్రు. గడప దాటితే మనిషిలోతు గుంత."

ఆయన అంత మామూలుగా ఎలా చెప్పాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. మెట్లు ఎప్పుడు ఎక్కానో తెలియదు. ఎండ నుంచి లోపలికి రాగానే నా కళ్ళకూ ఏమీ కనిపించలేదు. నాలుగు స్తంభాల నడుమ ఎత్తు నా కాలికి తట్టుకుంది, పడ్డాను, మోకాలు కొట్టుకుంది, లేచి పరుగెత్తాను. అక్క గర్భగుడి ద్వారం ముందు ఉంది. ముందుకు వంగి ఉంది. ఒక చెయ్యి ద్వారబంధం మీద, ఇంకో చెయ్యి చీకట్లోకి. పేరు పెట్టి పిలిచానో అరిచానో గుర్తు లేదు. వెనక నుంచి నడుము పట్టుకుని లాగాను. ఇద్దరం వెల్లకిలా నేల మీద పడ్డాం. పైన ఎక్కడో గబ్బిలాలు లేచి మళ్ళీ సర్దుకున్నాయి.

"ఏమైందే? పామా?"

"గుంత," అన్నాను. ఆమె నడుము ఇంకా వదల్లేదు.

"తెలుసు. గడప మొక్కంగనే తెలిసింది. గడప ఉన్నది, అవతల చెయ్యి పెడితే నేల లేదు. చల్లటి గాలి వస్తున్నది."

"కాలు పెట్టుంటేనో? కాలు పెట్టుంటే ఏమయ్యేది, చెప్పు."

నా లాగుడుకు అక్క మోచెయ్యి రాతికి గీసుకుంది, దాన్ని చీర కొంగుతో ఒత్తుకుంది. తరువాత, కోపంగా కాదు, క్లాసులో తెలియని పిల్లకు చెప్పినట్టు అంది.

"ఎందుకు పెడతనే? గర్భగుడిలకు మనం పోతమా? నువ్వెన్నడన్న పోయినవా? గడపకు మొక్కి, ఆ చెయ్యి కండ్లకద్దుకొని ఈన్నే నిలబడతం. చిన్నప్పటి సంది అంతే గద. నాకు చూపు పోయింది గని, అది గూడ పోయిందనుకున్నవా?"

ఆమె చెప్పింది నాకూ తెలిసిందే, పసిపిల్లలకు కూడా తెలిసిందే. గడప దగ్గర ఆగుతాం, వంగుతాం, చేతితో తాకి కళ్ళకు అద్దుకుంటాం. రైతు గుంత సంగతి ముందుగా చెప్పకపోవడానికీ కారణం అదే. అటు ఎవరూ అడుగు పెట్టరు కాబట్టి హెచ్చరించాలని కూడా ఆయనకు తోచలేదు. ఆ ఒక్క క్షణంలో నాకు కనిపించింది మాత్రం ఏమీ తెలియని ఒక గుడ్డి మనిషి. మా అక్క కాదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

రైతు ఆయాసపడుతూ వచ్చి ద్వారం దగ్గర నిలబడ్డాడు. సంగతి ఇప్పుడు ఆయనకు అర్థమైంది. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"లింగాన్ని సుత పీకిన్రా?" అని అడిగింది అక్క.

"పీకిండ్రక్కా. గోడకు ఆనిచ్చి పెట్టినం మేము. అమాసకు మా ఇంటోళ్ళు గడప కాడ దీపం పెట్టి పోతరు. లోపటికి ఎవ్వలం దిగం."

"గుంత పూడ్చుర్రి తమ్మీ. పోరగాళ్ళు ఆడుకుంటానికి వస్తరు."

"పూడుస్తం. ఈ చెరకు కొట్టినంక మట్టి తోలిపిస్త."

ఆయన బయటికి పోయాడు. మేము కాసేపు మంటపం అంచున ఉన్న రాతి తిన్నె మీద కూర్చున్నాం. వెనక్కి ఆనుకునేందుకు ఏటవాలుగా రాయి ఉంటుంది అటువంటి తిన్నెలకు, మా వైపు కూడా అలాగే ఉంటుంది. అక్క దానికి ఆనుకుని కాళ్ళు చాపుకుంది. బయట ఎక్కడో మోటరు నడుస్తోంది, కాలువలో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. నా మోకాలు మండుతోంది.

"నేను ఈ గుడికి ఎన్నడు రాలే," అంది అక్క. "అయినా మంచిగ నడిచిన. చూసినవా నువ్వు?"

"చూసిన."

"నువ్వే పడ్డవు."

నవ్వు రాలేదు నాకు. ఆమె నవ్వింది. నవ్వి, మెల్లగా చెప్పింది.

"ఈడ ఏది ఏడ ఉండాల్నో నాకు తెలుసు, అది ఆడ్నే ఉన్నది. నీ ఇంట్ల ఏది ఏడ ఉంటదో నీకే తెల్వది. నేను నీ మీద నేరం చెప్తలేనే. నువ్వు మంచిగ చూసుకుంటున్నవు. గని ఈ గుడిల నాకు కండ్లున్నట్టయింది, నీ ఇంట్ల కండ్లు లేనట్టయితున్నది. నా ఇంట్ల గ్యాసు ముట్టిస్త, బియ్యం కడుగుత, నీళ్ళు పడుత. రోడ్డు మీద పడ్డ, నిజమే. రోడ్డు మీదికి ఇగ ఒక్కదాన్ని పోను. ఇంటావిడ తోడు వస్తనన్నది. ఇంట్ల మాత్రం నేనెన్నడు పడలేదు."

ఆమె చెప్తుంటే నాకు ఆ రెండు గదులు గుర్తుకు వచ్చాయి. పొయ్యి పక్కన ఉప్పు సీసా, దాని పక్కన పసుపు. తలుపు వెనక గొడుగు. మంచానికి రెండు అడుగుల్లో బీరువా. ఎన్నో ఏళ్ళుగా ఏదీ కదలలేదు. పాతకాలపు మనిషి, ఒక్క వస్తువు మార్చదు అని నేను ఆమెను ఆటపట్టించేదాన్ని. ఆ ఇంటిని ఖాళీ చేయిస్తే ఆమెకు మిగిలిన చూపు నేనే తీసేసినట్టు. డాక్టరు నిలబెట్టుకోమన్నది కంటిలో ఉన్నదాన్ని ఒక్కటే కాదేమో అనిపించింది. నాకు ఏడుపు వచ్చింది. భయం కూడా పోలేదు, ఇప్పటికీ పోలేదు. ఆమె ఒక్కతే పొయ్యి ముట్టిస్తుందని తలుచుకుంటే ఫోన్ చేతికి తీసుకుంటాను. కానీ నా భయం తగ్గడం కోసం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టడం న్యాయం కాదు.

"నేను ఏమనాలె ఇప్పుడు?" అన్నాను.

"ఏమనకు. ఇంటాయనకు ఫోన్ కలిపి నాకియ్యి."

"ఇంటికి పోయినంక చేద్దాం తియ్యి."

"ఇప్పుడే. ఇంటికి పోతే నువ్వు మళ్ళ వద్దని మొదలువెడ్తవు."

కలిపాను. సిగ్నల్ సరిగా లేదు, మెట్ల దగ్గర ఎండలోకి వచ్చి నిలబడ్డాం. స్పీకర్ పెట్టి ఆమె చేతికిచ్చాను. ఇంటాయన గొంతు మధ్యమధ్య తెగుతూ వచ్చింది.

"చెప్పుర్రి టీచరమ్మా, ఏమనుకున్నరు? ఖాళీ చేస్తున్రా?"

"చేస్తలేను. వచ్చే ఆదివారం వస్తున్న."

"మంచిదమ్మా. ఉంటే మాకు మంచిదే. ఎట్ల గూడ తాళమేసే ఉన్నది గద, రేపటి సంది రంగులు వేయిస్త. సామానంత నడుమకు జరిపిచ్చి, అయినంక మంచిగ సర్దిపిస్త."

అక్క ఫోన్‌ను రెండు చేతులతో నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఆ రోజంతా గుంత ముందు కూడా వణకని ఆమె గొంతు అప్పుడు వణికింది.

"వద్దు. రంగులు వద్దు, ఏం వద్దు. తలుపు తియ్యకుర్రి. ఏ సామాను జరపకుర్రి. మీకు దండం పెడ్త, ఒక్క చెంచా గూడ జరపకుర్రి."